తొమ్మిదో పేజీ బొద్దింక

ఆ బుధవారం దమయంతి వేసుకున్న కార్యక్రమంలో భయపడాల్సింది ఏమీ లేదు. ఎనిమిదిన్నరకు చూలైలో బైండరు గోవిందస్వామి దగ్గర నలభై పుస్తకాల కట్ట తీసుకోవాలి. పదకొండు గంటలకు కోడంబాక్కంలో ఒక చిన్నపిల్లల బడికి వెళ్ళి, ఆ పుస్తకాలు పంచి, కథ చదివి వినిపించాలి. మధ్యాహ్నానికి మైలాపూరు ఆఫీసు చేరుకుని డబ్బాలో పెట్టుకున్న పెరుగన్నం తినాలి. అంతే. అయినా ఆమె తెల్లవారకముందే లేచి మంచం మీద కూర్చుని, వీటిలో ముందు ఏది చెడుతుందా అని ఆలోచించింది.

నిజానికి దమయంతి ఉద్యోగమే పిల్లలకు ధైర్యం చెప్పడం. ఒక కళ్ళద్దాల దుకాణం మేడ మీద, రెండు గదుల్లో నడిచే చిన్న ప్రచురణ సంస్థ అది. చీకటంటే భయపడే పిల్లలకు ఒక బొమ్మల పుస్తకం, క్షవరం కత్తెర చూసి ఏడ్చే పిల్లలకు ఒకటి, బడి మొదటి రోజు అమ్మ కొంగు వదలని వాళ్ళకు ఒకటి, ఇలా ఇప్పటికి ఆరు వచ్చాయి. ఆరూ రాసింది దమయంతే. "మా వాడు ఇప్పుడు ఒక్కడే బాత్రూముకి వెళ్తున్నాడు, మీ మేలు మరిచిపోలేం" అని తల్లులు ఉత్తరాలు రాస్తుంటారు. ఆ ఉత్తరాలు దాచుకునే దమయంతికి లిఫ్టంటే భయం, వీధికుక్కంటే భయం, తెలియని నంబరు నుంచి ఫోను మోగితే భయం. బొద్దింకంటే ఆ పేరు పలకడానికి కూడా భయం. వీటన్నిటినీ మించిన భయం రాగిణి.

రాగిణి ఆ సంస్థ యజమానురాలు. విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. ఆఫీసులో ఎన్నడూ గొంతు పెంచి ఎరగదు. దమయంతి బాధ అదే. పోయిన పుస్తకం వెనక అట్ట మీద 'ధైర్యం' అన్న మాటలో ఒత్తు ఎగిరిపోయి 'దైర్యం' అని అచ్చయినప్పుడు, రాగిణి కళ్ళజోడు తీసి, అట్టను కాసేపు చూసి, మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుంది. ఆ తరువాత మూడు రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఆ మూడు రోజుల్లో దమయంతి రెండు కిలోలు తగ్గింది.

కొత్త పుస్తకం పేరు 'మిన్నూ మూడు విజిళ్ళూ'. ప్రెషర్ కుక్కరు కూస్తే చాలు, మంచం కింద దూరే మిన్ను అనే పిల్ల కథ. ఎనిమిదో పేజీలో మిన్ను వంటింటి తలుపు చాటున వణుకుతూ నిలబడుతుంది. "మిన్ను మెల్లగా తొంగి చూసింది. అక్కడ..." అని ఆ పేజీ ముగుస్తుంది. తొమ్మిదో పేజీలో చేతులు చాచి పిలుస్తున్న అమ్మమ్మ ఉంటుంది. ఆ అమ్మమ్మ నవ్వు కుదిరేదాకా బొమ్మలాయన చేత నాలుగుసార్లు గీయించింది దమయంతి.

చూలైలో పని సాఫీగానే జరిగింది. కాగితాలు కత్తిరించే యంత్రం హోరులో గోవిందస్వామి చెయ్యి ఊపి కట్ట చూపించాడు, ఆమె తీసుకుని ఆటో ఎక్కింది. ఎగ్మూరు వచ్చేసరికి మనసు ఆగక కట్ట విప్పి, పై పుస్తకం తీసి, కొత్త కాగితం వాసన చూసి, ఎనిమిదో పేజీ తిప్పింది.

అక్కడ అమ్మమ్మ లేదు. పేజీ నిండా, మీసాలతో సహా, ఒక బొద్దింక ఉంది.

దమయంతి పెట్టిన కేకకు డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కాడు. "ఎన్నమ్మా ఆచ్చు?" అంటూ, ఏమైందోనని వెనక్కి తిరిగాడు. ఆమె పేజీ వైపు వేలు చూపించింది. అతను పుస్తకం చూసి, ఆమెను చూసి, "బొమ్మ దానమ్మా, ఒట్టి బొమ్మే" అన్నాడు జాలిగా.

ఒక కన్ను మూసుకుని, చున్నీ అంచుతో పేజీలు తిప్పింది. పదో పేజీలో ఎలుక. తరువాత ఇడ్లీ అంత నల్లి. ఆ వెనక చెదలు. పదహారో పేజీలో మళ్ళీ బొద్దింకే, ఈసారి చచ్చి వెల్లకిలా పడి ఉంది. ప్రతి బొమ్మ కిందా "మీ ఇంట్లో ఇవి ఎన్ని ఉన్నాయో తెలుసా?" అని తమిళంలో పెద్ద అక్షరాలు. పదిహేడో పేజీలో మిన్ను మామూలుగా అమ్మమ్మను వాటేసుకుని, "ఓస్, ఇంతేనా! దీనికా నేను భయపడింది?" అంటోంది.

మరో నాలుగు పుస్తకాలు చూసింది. అన్నీ అంతే. నడిమి ఎనిమిది పేజీలూ ఏదో పురుగుల మందు కంపెనీ ప్రచార పుస్తకంలోవి. అవి ఇందులోకి ఎలా వచ్చాయో ఆమెకు తెలియదు. కానీ ఆఖరి ప్రూఫు ప్రతి పేజీ మీదా సంతకం తనది. కాబట్టి తప్పు ఎక్కడ జరిగినా అది తనదే అయ్యుంటుందని ఆమెకు ఏ అనుమానమూ లేకపోయింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. రాగిణి.

"దమయంతీ, పుస్తకాలు తీసుకున్నావా?" రాగిణి గొంతు ఎప్పటిలా లేదు. బిగబట్టినట్టుంది.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, అక్కడ నిలబడి, వెనక్కి వెళ్ళిపోయింది. "లేదు మేడమ్. ఇంకా తీసుకోలా."

"తీసుకోలేదా? మంచిది," అంది రాగిణి. అంతలోనే, "ఎందుకని?"

దమయంతి గుండె దడదడలాడుతుంటే దాని మీద చెయ్యి వేసుకుని ఉంది. ఆ చేతి కింద ఉన్నదే నోట్లోంచి వచ్చేసింది. "గోవిందస్వామన్నకి గుండెల్లో ఏందో వచ్చిందంట మేడమ్. ఆసుపత్రికి తీసకపోయినారంట."

అవతల నిశ్శబ్దం. దమయంతి ఎరిగిన రాగిణి మౌనాలన్నిటిలోకీ పెద్దది.

"ఎప్పుడు?"

"పొద్దున ఏడుకంట."

"ఏడింటికా!" రాగిణి గొంతు చిన్నగా చీలింది. "ఏ ఆసుపత్రి?"

పక్కనుంచి బస్సొకటి హారను కొట్టుకుంటూ పోయింది. "వినపడలా మేడమ్, వినపడలా" అంటూ దమయంతి ఫోను పెట్టేసి, ఆటోను మళ్ళీ చూలైకి తిప్పించింది.

గుండెల్లో ఏదో వచ్చిన మనిషి దుకాణం మెట్టు మీద కూర్చుని టీలో బన్ను ముంచుకు తింటున్నాడు. "ఏం పాపా, మళ్ళా వచ్చినావు? ఏమన్నా మరిచిపోయినావా?"

ఆమె మొహం పక్కకు తిప్పుకుని తొమ్మిదో పేజీ చూపించింది.

"ఆమా, అవును, బొద్దింక. బాగా పడిండాది గదా అచ్చు? మీసం కూడా తెలస్తా ఉండాది."

"అన్నా, ఇది పిల్లోళ్ళ పుస్తకం!"

"పిల్లోళ్ళదే. భయం పోవాలని గదా మీరు పుస్తకాలు చేసేది, అందుకే పెట్టినారనుకున్నా. మా కాలంలో కుందేళ్ళు పెడతా ఉండిరి. ఇప్పటి చదువులు నాకేం తెలుసు? ప్రెస్సు నించి కాగితాలు ఎట్ల వచ్చినాయో అట్లే మడిచి పిన్నులు కొట్టినా." అంతలో ఆమె కళ్ళు చూసి బన్ను పక్కన పెట్టాడు. "ఏడవాకు పాపా. నడిమి పేజీలే గదా. పిన్ను కాళ్ళు లేపి లాగేస్తే సరి. ఎనిమిది కాంగానే పదిహేడు. కథ రవంత తొందరగా అయిపోతాది, అంతే."

కటింగ్ ప్లేయరు జేబులో వేసుకున్నాడు. ఆటోలో ఊగుతూ చేస్తే చెయ్యి చీరుకుంటుందని, బడికే వచ్చి చేస్తానని షట్టరు దించి తాళం వేశాడు. ఆటో కదిలాక చొక్కా జేబు తడుముకుని, "ఫోను లోపలే ఛార్జింగులో మరిచిపోయినా. పోనీలే, నాకెవురు చేస్తారు?" అన్నాడు.

దమయంతి కళ్ళు మూసుకుంది. ఇప్పుడైనా ఈయనకు చెప్పాలి. కానీ నిక్షేపంలా ఉన్న మనిషితో, నీకు గుండెనొప్పి వచ్చిందని నేనే చెప్పానని ఎలా మొదలుపెట్టాలి? "అన్నా, నీకు ఒంట్లో బాగుండాదా?" అంది చివరికి.

"నాకేమి? రాయి మాదిరి ఉండా."

"గుండె?"

"గుండెకేమి?" గోవిందస్వామి ఆమె వైపు తిరిగాడు. "ఎందుకట్ల అడగతా ఉండావు? నా ముఖం ఎట్లన్నా ఉండాదా?"

"లేదు లేదు, ఊరికే."

నుంగంబాక్కం దాటేలోపు ఆయన రెండుసార్లు ఆటో అద్దంలో మొహం చూసుకున్నాడు. కోడంబాక్కం వంతెన మీద మణికట్టు పట్టుకుని ఏదో లెక్కపెట్టుకున్నాడు.

సినిమాల్లో లైట్లు మోసేవాళ్ళ, దుస్తులు కుట్టేవాళ్ళ పిల్లలు చదువుకునే రెండు గదుల బడి అది. జయంతి టీచరు ఒక్కతే నడుపుతుంది. సంగతి ఆమెకైనా చెప్పి ఉండాల్సింది. దమయంతి మాత్రం "కొంచెం పిన్నుల పని ఉండాది, పది నిమిషాలు" అని, సామాన్ల గదిలో గోవిందస్వామితో కూర్చుంది. ఆయన పిన్నులు లేపుతుంటే, ఆమె కళ్ళు మూసుకుని పేజీలు లాగుతోంది. లాగిన ప్రతిసారీ వేళ్ళకు ఏదో పాకినట్టై ఒళ్ళు జలదరిస్తోంది. పక్కన బల్ల మీద ఫోను ఆగి ఆగి వణుకుతోంది. రాగిణి తొమ్మిదిసార్లు చేసింది. తొమ్మిదిసార్లూ దమయంతి దాన్ని బోర్లించింది. ఆ తరువాత సందేశం వచ్చింది. "దుకాణానికి తాళం ఉంది. లోపల ఆయన ఫోను మోగుతూనే ఉంది. నాకు భయంగా ఉంది."

రాగిణికి భయం! రాగిణే భయపడే స్థితి వచ్చిందంటే తన ఉద్యోగం సంగతి ఇక ఆలోచించనక్కర్లేదు. ఇంకో సందేశం వచ్చింది. "వెనక వీధిలోనే వాళ్ళ ఇల్లట. వెళ్తున్నాను."

ఇంట్లో గోవిందస్వామి భార్య అలమేలు ఉంటుంది. ఆమె బీపీ మనిషి. వెళ్ళీ వెళ్ళగానే రాగిణి అడిగేది ఒకటే, ఆయన్ను ఏ ఆసుపత్రిలో చేర్చారని.

"అన్నా," అంది పేజీలు వదిలేసి, "నేనొక పెద్ద తప్పు చేసినా."

అప్పుడే పక్క గదిలోంచి పిల్లల కేకలు ఒక్కసారిగా లేచాయి.

అప్పటికి ఇరవై రెండు పుస్తకాలు బాగయ్యాయి. కాని పదకొండు కొట్టడంతో జయంతి టీచరు వెనకనుంచి వచ్చి, చేతికందిన కట్ట తీసుకువెళ్ళి పిల్లలకు పంచేసింది. అది బాగుచేయని కట్ట. దమయంతి పరిగెత్తేసరికి సగం మంది పిల్లలు గోడకు అంటుకుపోయి ఉన్నారు. ఒక పిల్లవాడు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. జయంతి టీచరు కుర్చీ ఎక్కి నిలబడి, "బొమ్మే కన్నా, బొమ్మే" అంటోంది, బొమ్మ వైపు చూడకుండా.

అయిపోయింది అనుకుంది దమయంతి. పిల్లలకు భయం పోగొట్టడానికి వచ్చి, జన్మకు సరిపడా భయం పంచిపెట్టింది.

అంతలో రెండు జడల పిల్ల ఒకతె పుస్తకం దగ్గరగా పెట్టుకుని పరీక్షగా చూసి, "మా ఇంట్లోది ఇంతకంటే లావుండాది," అంది. ఆ పిల్ల పేరు శ్రీప్రియ.

"మా అవ్వ చెప్పుతో కొడతాది," అన్నాడొకడు.

"మా నాయన చూస్తే మంచం ఎక్కతాడు."

ఏడుస్తున్న పిల్లవాడు ముక్కు తుడుచుకున్నాడు. "మా ఇంట్లోది ఎగరతాది," అన్నాడు. గదంతా గౌరవంగా నిశ్శబ్దమైపోయింది.

"మీరే చదవండి మేడమ్," అంది కుర్చీ మీద నుంచే టీచరు. "నేను పట్టుకోలేను దాన్ని."

దమయంతి పిల్లల మధ్య కూర్చుని చదవసాగింది. మిన్ను, కుక్కరు, మంచం కింద దాక్కోవడం, అన్నీ బాగానే సాగాయి. ఎనిమిదో పేజీకి వచ్చేసరికి వేళ్ళు మొరాయించాయి.

"ఆంటీ, నీకు భయమా?" అంది శ్రీప్రియ.

పొద్దుటినుంచి ఆమె చెప్పిన మొదటి నిజం అదే. "భయమే తల్లీ."

"అయితే నువ్వు చదువు. నేను తిప్పతా."

శ్రీప్రియ తిప్పింది. చదవడానికి అక్కడేముంది? నలభై జతల కళ్ళు ఎదురుచూస్తుంటే దమయంతి నోటికొచ్చింది చెప్పేసింది. తలుపు చాటున మిన్ను ఒక్కతే లేదు. అక్కడ బొద్దింక కూడా దాక్కుని ఉంది. దానికీ విజిలంటే భయం. దాని వెనక ఎలుక, ఎలుక వెనక నల్లి, ఆ వెనక చెదలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని వణుకుతున్నాయి. పిల్లలు ఊపిరి బిగబట్టి వింటున్నారు. పదహారో పేజీ వచ్చింది. "మూడో విజిలు కూయంగానే బొద్దింక వెల్లకిలా పడిపోయింది," అంది దమయంతి.

"చచ్చిపోయిందా?"

"లేదు, భయంతో మూర్ఛపోయింది."

"ఎట్ల పడింది?"

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న గోవిందస్వామి ఉండబట్టలేకపోయాడు. "ఇట్ల," అంటూ గది మధ్యకు వచ్చి నేల మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళూ చేతులూ పైకెత్తి నాలుగుసార్లు కొట్టుకున్నాడు. తరువాత అన్నీ ఒక్కసారిగా కింద పడేసి, నోరు తెరిచి, కదలకుండా ఉండిపోయాడు.

సరిగ్గా ఆ సమయానికి అలమేలు గుమ్మంలోకి వచ్చింది. వెనక కమలాపళ్ళ సంచితో రాగిణి. ఏ ఆసుపత్రో ఫోను ఎత్తని దమయంతినే అడుగుదామని వచ్చినట్టున్నారు, ఇద్దరి కళ్ళూ ఏడ్చి ఏడ్చి ఎర్రబడి ఉన్నాయి.

"అయ్యో! నన్ను విడిచి పోయినావా!" అంటూ అలమేలు ఒక్క కేక వేసి ఆయన మీద పడింది. రాగిణి చేతిలో సంచి జారి కమలాపళ్ళు గదంతా దొర్లాయి. ఇదీ కథలో భాగమే అనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు.

గోవిందస్వామి ఒక కన్ను తెరిచాడు. "ఏమే, నువ్వెందుకు వచ్చినావు ఈడికి?"

అలమేలు ఏడుపు టక్కున ఆగింది. మరుక్షణం ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. "బతికే ఉండావా? బతికుంటే నేల మీద ఎందుకు పడుకోనుండావు?"

"నేను బొద్దింకని గదా."

"నీకు గుండెనొప్పి వచ్చిందని ఈ మేడమ్ చెప్పినారే!"

"నాకా?" గోవిందస్వామి లేచి కూర్చుని ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. ముఖం నిజంగానే పాలిపోయింది. "అందుకేనా పాపా ఆటోలో అట్ల అడిగినావు? నాకు ఒక మాట చెప్పకూడదా?"

అందరూ దమయంతి వైపు తిరిగారు. పారిపోవడానికి ఉన్న ఒక్క గుమ్మంలో రాగిణి నిలబడి ఉంది. "అన్నకి ఏమీ లేదు," అంది దమయంతి. గొంతు పీలగా వచ్చినా ఆగలేదు. "నేను అబద్ధం చెప్పినా మేడమ్. పుస్తకాల నడుమ పురుగులుండాయి. మీకు చెప్పాలంటే భయమైంది. మీరంటే నాకు శానా భయం. నన్ను తీసేసినా సరే, ఇంక దాయలేను."

రాగిణి పిల్లల బుల్లి కుర్చీ లాక్కుని, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూలబడింది. కళ్ళజోడు తీసింది. దమయంతికి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఆయన్ని నేనే చంపేశాననుకున్నాను దమయంతీ," అంది రాగిణి. "పురుగుల మందు కంపెనీ నాగప్పన్ గారి ప్రచార పుస్తకం కూడా మనమే చేసిచ్చాం, నీకు తెలీదు, ఆ పని నేనే చూశాను. నిన్ననే వాటిని ఊళ్ళో పంచేశాడట. పొద్దున ఆరున్నరకి ఆయన ఫోను చేశాడు, మా మందుల మధ్యలో ఎవరో ముసలావిడ చేతులు చాచి పిలుస్తోందేంటని. బైండరు పొరపాటే అనుకుని ఏడింటికి ఈయనకి ఫోను చేసి చెడామడా అరిచేశాను. తర్వాత కంప్యూటరు తెరిచి చూస్తే, ప్రెస్సుకి పేజీలు తారుమారుగా పంపింది నేనే. నువ్వేమో ఏడింటికే గుండెపోటు అన్నావు."

"మరి నాకు ఎందుకు చెప్పలేదు మేడమ్?"

"నీకా? అమ్మో!" అంది రాగిణి. "ఆ అట్ట మీద ఒత్తు పోయిందే, అది నేను చూసి పంపిన అట్టే. నువ్వు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఎంత భయపడ్డానో తెలుసా? మానేసి వెళ్ళిపోతావేమో అనుకున్నాను."

దమయంతి కాళ్ళ దగ్గరున్న కమలాపండు తీసి రాగిణి చేతిలో పెట్టింది.

"మీరు అరిచినారా?" అన్నాడు గోవిందస్వామి ఆశ్చర్యంగా. "నేను మిషను పక్కన ఉండా, ఏమీ వినపడలా. బాగుండావా అని అడగతా ఉండారనుకుని, బాగుండా బాగుండా అని పెట్టేసినా."

"అవును," అంది రాగిణి గుర్తు చేసుకుని. "అన్నారు."

కమలాపళ్ళు వలుచుకుంటూ పిల్లలు మిగతా కథ విన్నారు. "ఓస్, ఇంతేనా! దీనికా నేను భయపడింది?" అన్న చోట ఎప్పుడూ లేనంతగా నవ్వారు. తరువాత చిక్కు వచ్చింది. బాగుచేసిన ఇరవై రెండు పుస్తకాలూ ఎవరూ తీసుకోలేదు. "దీంట్లో పురుగుల్లేవు" అని ఒకడు, "నాకు మీసాలది కావాల" అని ఇంకొకతె గొడవ చేశారు. గోవిందస్వామి మళ్ళీ సామాన్ల గదిలోకి వెళ్ళి, లాగేసిన పేజీలన్నీ తిరిగి పెట్టి పిన్నులు మడిచాడు. అలమేలు ఆయన పక్కనే కూర్చుని, మధ్య మధ్యలో ఛాతీ మీద చెయ్యి వేసి చూసుకుంటూ పేజీలు అందించింది.

ఆ హడావిడిలో రాగిణి ఫోను మోగింది. తెర మీద నాగప్పన్ పేరు. రాగిణి దాన్ని దమయంతి వైపు చాచింది. దమయంతి రాగిణి వైపు నెట్టింది. ఏడో మోతకు దమయంతే తీసింది.

నాగప్పన్ గొంతు పీపాలోంచి వచ్చినట్టుంది. తమిళంలో మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్ళుగా ప్రచార పుస్తకాలు పంచుతున్నానని, ఏ ఒక్కరూ చదివి ఫోను చేసిన పాపాన పోలేదని అన్నాడు. ఈ రోజు మాత్రం పొద్దుటినుంచి ఆరుగురు చేశారట. మందు గురించి కాదు. ఆ పాప ఎందుకు ఏడుస్తోంది, చివరికి ఏమైంది అని. తెలుగు చదవడం తనకు రాదు, ఏం చెప్పమంటారని అడిగాడు.

దమయంతి కథంతా చెప్పింది. కుక్కరు, విజిలు, మంచం కింద దూరడం, అమ్మమ్మ ఒడి, అన్నీ. విన్నాక ఆ పెద్ద గొంతు బాగా తగ్గి, పక్కన ఎవరో వింటారన్నట్టుగా వినిపించింది. తన ఇంట్లో కూడా విజిలు వచ్చే వేళకు తాను బాల్కనీలోకి వెళ్ళిపోతానని, ముప్పై ఏళ్ళుగా భార్య నవ్వుతోందని, ఇంతవరకు బయట ఎవరికీ చెప్పలేదని అన్నాడు.

ఫోను పెట్టేసే ముందు, తన పేరున ఒక పుస్తకం పంపమన్నాడు, పురుగులు లేనిది.